ఉత్తర్వుకు కారణం అడిగిన న్యాయమూర్తి

మన ఇళ్లలో పెద్దా చిన్నా అందరికీ తెలిసిన కాగితం ఒకటుంది. నాన్నగారికో అమ్మకో వచ్చే బదిలీ ఉత్తర్వు. అది వచ్చిన మర్నాటి నుంచే అట్టపెట్టెలు వెతకడం, టి.సి. కోసం దరఖాస్తు రాయడం, కొత్త ఊళ్లో కేంద్రీయ విద్యాలయం ఎంత దూరంలో ఉందో కనుక్కోవడం మొదలవుతాయి. ఆ కాగితం కింద ఒక అధికారి సంతకం ఉంటుంది. ఆయనకు ఆ అధికారం ఎక్కడిది? దానికి హద్దు ఎక్కడ? హద్దు దాటితే అడిగేదెవరు? బదిలీల సంగతి అటుంచి, ప్రభుత్వం ఇచ్చే ఏ ఉత్తర్వు విషయంలోనైనా ఈ మూడు ప్రశ్నలూ అడగవచ్చు. వీటితోనే దాదాపు ఇరవై ఏళ్లు న్యాయపీఠం మీద గడిపిన ఒక తెలుగువారి కథను ఈ సంవత్సరం మా తెలుగు విభాగంలో చెప్పాలనుకున్నాం. ఆయన శ్రీ కోకా సుబ్బారావు గారు, భారతదేశ 9వ ప్రధాన న్యాయమూర్తి. ఆ పదవికి ఎక్కిన మొదటి తెలుగువారు ఆయనే.

పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు గోలక్‌నాథ్ కేసు దగ్గర ఒక్కసారి కనిపించి మాయమవుతుంది. మేము మాత్రం బస్సులు, ఒక పల్లెటూరి ఆసుపత్రి, ఒక పాస్‌పోర్టు గురించే ఎక్కువగా చెప్పబోతున్నాం. ఆయన మనసు ఎలా పనిచేసేదో వాటిలోనే బాగా తెలుస్తుందని మా అభిప్రాయం.

సుబ్బారావు గారు 1902 జులై 15న గోదావరి ఒడ్డున రాజమండ్రిలో జన్మించారు. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో చదివి, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. ఆ రోజుల్లో తెలుగు జిల్లాల వారికి లా చదువైనా, హైకోర్టు పనైనా మద్రాసే దిక్కు. అక్కడ మామగారు పి. వెంకటరమణారావు నాయుడు గారి దగ్గర జూనియర్‌గా చేరారు. మధ్యలో కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసి, మళ్లీ మద్రాసుకే వచ్చేశారు. మామగారు హైకోర్టు న్యాయమూర్తి అయ్యాక, బావమరిది పి.వి. రాజమన్నార్ గారితో కలిసి ప్రాక్టీసు సాగించారు. ఆ రాజమన్నార్ గారే తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఇక్కడ కాస్త ఆగి, ఆయన వకీలుగా ఉన్న కాలంలో పరిస్థితి ఏమిటో చెప్పుకోవాలి. లేకపోతే తరువాతి కథ అర్థం కాదు.

ప్రభుత్వాధికారి తప్పు ఉత్తర్వు ఇస్తే దాన్ని తెప్పించి చూసి రద్దుచేసే ఆజ్ఞకు సెర్షియోరారి రిట్ అని పేరు. చేయవలసిన పని చేయకుండా కూర్చున్న అధికారిని చేయమని ఆజ్ఞాపించేది మాండమస్. ఇవి ఇంగ్లండు నుంచి వచ్చిన పద్ధతులు. బ్రిటిష్ పాలనలో ఈ రిట్ల అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఉండేది. అదీ చాలావరకు ఆ నగరాల పొలిమేరల లోపలే. పర్లాకిమిడి జమీందారీలో కొందరు రైతులు, తమ శిస్తును రెవెన్యూ బోర్డు పెంచేసిందని, ఆ ఉత్తర్వును రద్దుచేయాలని కోర్టుకు వెళ్లారు. బోర్డు కూర్చునేది మద్రాసులోనే. అయినా 1943లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, భూములు మద్రాసు నగరం బయట ఉన్నాయి గనుక మద్రాసు హైకోర్టుకు ఆ అధికారం లేదని తేల్చింది. అంటే సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పట్టణానికి ఒక న్యాయం, గోదావరి జిల్లాకో గంజాం జిల్లాకో మరో న్యాయం. సివిల్ దావా వేసుకునే దారి ఉండేదనుకోండి, కానీ అది తేలేసరికి ఏళ్లు గడిచిపోయేవి.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రాగానే ఈ గీత చెరిగిపోయింది. 226వ అధికరణం ప్రతి హైకోర్టుకూ తన పరిధి అంతటా రిట్లు ఇచ్చే అధికారం ఇచ్చింది. 32వ అధికరణం ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే హక్కు ఇచ్చింది. సుబ్బారావు గారు అప్పటికి రెండేళ్ల క్రితమే, 1948లో, మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. కొత్త తాళంచెవి చేతికొచ్చిన మొదటి తరం న్యాయమూర్తుల్లో ఆయన ఒకరన్నమాట.

తరువాత ఆయన జీవితం మన జీవితాల్లాగే ఊళ్లు మారింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. హైకోర్టు మాత్రం 1954లో గుంటూరులో మొదలైంది. దానికి ఆయనే మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1956లో తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే కోర్టు హైదరాబాదుకు మారింది, ఆయనా మారారు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీ చేరారు. నాలుగేళ్లలో మూడు ఊళ్లు. మాలో కొందరికి ఇదేమంత పెద్ద లెక్కగా అనిపించలేదు!

ఢిల్లీ చేరిన ఏడాదిలోనే ఆయన ముందుకు కృష్ణా జిల్లా బస్సుల కేసు వచ్చింది.

అప్పట్లో కృష్ణా జిల్లా రోడ్ల మీద ఎన్నో ఏళ్లుగా ప్రైవేటు యజమానులు బస్సులు నడిపేవారు. ప్రభుత్వం ఆ మార్గాలను తన చేతిలోకి తీసుకోవాలనుకుంది. అది తప్పేం కాదు, చట్టమే ఆ వీలు కల్పించింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో 1956లో చేర్చిన కొత్త అధ్యాయం ప్రకారం ముందు ఒక పథకం గెజిట్‌లో ప్రకటించాలి. నష్టపోయేవారు 30 రోజుల్లో అభ్యంతరాలు రాసుకోవచ్చు. తరువాత ప్రభుత్వం వారి మాట విని, పథకాన్ని ఆమోదించాలో మార్చాలో తేల్చాలి. 1957 నవంబరులో పథకం ప్రకటించారు. యజమానులు అభ్యంతరాలు పంపారు. డిసెంబరులో రవాణా వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యదర్శి వారి మాట విన్నారు. విన్నదంతా ఫైలులో రాసి పైకి పంపారు. రవాణా శాఖ ముఖ్యమంత్రి చేతిలోనే ఉండేది. ఆయన ఫైలు చూసి పథకాన్ని ఆమోదించారు. 1958 జనవరి వచ్చేసరికి అంతా అయిపోయింది.

పైకి చూస్తే నియమాలన్నీ పాటించినట్టే ఉంది. నోటీసు ఇచ్చారు, గడువు ఇచ్చారు, పిలిచి విన్నారు, ఉత్తర్వు ఇచ్చారు. మరి బస్సు యజమానులు ఢిల్లీదాకా ఎందుకు వెళ్లారు?

వారి ఫిర్యాదులో రెండు ముడులున్నాయి. పథకం తయారుచేసింది రవాణా శాఖ. దాని మీద అభ్యంతరాలు విన్నది ఆ శాఖకే పెద్ద అయిన కార్యదర్శి. క్రికెట్ ఆటలో ఒక జట్టు కోచ్ అంపైరుగా నిలబడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఆయన ఎంత నిజాయితీపరుడైనా రెండో జట్టుకు నమ్మకం కుదరదు. ఇది మొదటి ముడి. ఇక రెండోది. విన్నది ఒకరు, తేల్చింది మరొకరు. యజమానుల తరఫు వకీలు గంటల తరబడి చెప్పిన వాదన తీర్పు చెప్పే మనిషి చెవిన పడనే లేదు. అలాంటప్పుడు ఆ వినడం దేనికి?

అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో ముగ్గురి తరఫున సుబ్బారావు గారు తీర్పు రాశారు. ప్రభుత్వం పౌరుడి హక్కును తేల్చేటప్పుడు, వినాలని చట్టమే చెప్పినప్పుడు, ఆ పని న్యాయస్థానం చేసే పనికి దగ్గరగా వస్తుందని, అందులో సహజ న్యాయ సూత్రాలు పాటించి తీరాలని ఆయన నిర్ణయించారు. తన వ్యవహారంలో తానే తీర్పరి కాకూడదు. ఎవరు తేల్చుతారో వారే వినాలి. విచారణను రెండు ముక్కలు చేసి ఇద్దరికి పంచితే అది విచారణే కాదు. 1958 నవంబరులో ఆ ఉత్తర్వు కొట్టివేశారు.

మిగిలిన ఇద్దరు న్యాయమూర్తులు దీనికి ఒప్పుకోలేదు. ఇది పాలనాపరమైన పనే తప్ప న్యాయవిచారణ కాదని వారి అభిప్రాయం. ఆ తరువాత ఈ తీర్పును విమర్శించిన న్యాయశాస్త్ర పండితులూ ఉన్నారు. ప్రతి మంత్రీ ప్రతి ఫైలు మీదా స్వయంగా కూర్చుని వాదనలు వింటే ఇక పాలించేదెప్పుడు అన్నది వారి ప్రశ్న. ఇంట్లో ఆఫీసు ఫైళ్ల గుట్టలు చూసిన మాకు ఆ ప్రశ్న తేలికగా కొట్టిపారేయదగ్గదిగా అనిపించలేదు. అయినా ఆ బస్సు యజమానుల స్థానంలో నిలబడి చూస్తే, మన మాట వినని మనిషి మన బతుకును తేల్చడం ఎంత కష్టంగా ఉంటుందో కూడా తెలుస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. ఈసారి ముఖ్యమంత్రి తానే కూర్చుని అభ్యంతరాలు విన్నారు. విని, పథకాన్ని మళ్లీ ఆమోదించారు. యజమానులు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లి, కార్యదర్శి పనికిరానప్పుడు ఆ శాఖ మంత్రి మాత్రం ఎలా పనికొస్తారని అడిగారు. 1959లో ఆ తీర్పు రాసిందీ సుబ్బారావు గారే. ఈసారి వారు ఓడిపోయారు. కార్యదర్శి శాఖలో భాగం, శాఖ చేసే పనులన్నిటిలో ఆయన చేయి ఉంటుంది. మంత్రి ఆ శాఖ వ్యవహారాలకు బాధ్యుడే గాని శాఖలో ఉద్యోగి కాదు అని ఆయన తేడా చూపారు. ఆ తేడా చాలా సన్ననిదని మాకు తోచింది. మాలో ఇద్దరు ముగ్గురు అది తేడాయే కాదని వాదించారు కూడా. ఏమైతేనేం, కోర్టు ప్రభుత్వ విధానాన్ని ఆపలేదు, ఆ విధానానికి చేరే దారి సరిగా ఉందా లేదా అని మాత్రమే చూసింది. కార్యనిర్వాహక చర్యల మీద న్యాయసమీక్ష అని పెద్ద తరగతుల పుస్తకాల్లో రాసేది చాలావరకు దీన్నే.

ఇంకో కేసు పశ్చిమ గోదావరి జిల్లాది. ధర్మాజీగూడెం అనే ఊరివాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తమ ఊళ్లో పెట్టించుకోవాలని కమిటీ వేసుకుని, చందాలు పోగుచేసి 10,000 రూపాయలు బ్లాక్ డెవలప్‌మెంట్ అధికారి దగ్గర జమ చేశారు. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. పంచాయతీ సమితి మొదట ధర్మాజీగూడెం అంది, తరువాత మనసు మార్చుకుని లింగపాలెం అంది. 1962లో రాష్ట్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని ధర్మాజీగూడేనికి అనుకూలంగా, సమితి తీర్మానాన్ని రద్దుచేసింది. 1963లో అదే ప్రభుత్వం తన ఉత్తర్వునే వెనక్కి తీసుకుంది. కమిటీ అధ్యక్షుడు కోర్టుకు వెళ్లారు.

సుప్రీంకోర్టులో సుబ్బారావు గారి తీర్పు చదివితే ఆయన ఎంత జాగ్రత్తగా అడుగులు వేసేవారో తెలుస్తుంది. ఊరి తరఫున చందాలు పోగుచేసిన కమిటీ అధ్యక్షుడికి కోర్టుకు రావడానికి హక్కుందా? ఉంది. తన ఉత్తర్వును తానే తిరగదోడే అధికారం ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చిందా? ఇవ్వలేదు. ఊరివాళ్లకు ముందుగా నోటీసు ఇచ్చారా? అదీ లేదు. కాబట్టి 1963 ఉత్తర్వు తప్పే. ఇక్కడికి వచ్చేసరికి ధర్మాజీగూడెం గెలిచినట్టే అనుకుంటాం. కానీ ఆ ఉత్తర్వు కొట్టేస్తే ఏమవుతుంది? 1962 నాటిది మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. అదేమో పంచాయతీ సమితికి నోటీసు ఇవ్వకుండా జారీచేసినది. అంటే అదీ తప్పే. ఒక తప్పును తీసేసి ఇంకో తప్పును గద్దెనెక్కించడానికి రిట్ అధికారం వాడకూడదని చెప్పి ఆయన జోక్యం చేసుకోలేదు. ఆసుపత్రి కోసం డబ్బు పోగుచేసిన ఊరివాళ్లకు ఎలా ఉండి ఉంటుందో! న్యాయం తమ వైపుందని విన్నారు, చేతికి మాత్రం ఏమీ రాలేదు. న్యాయవిద్యార్థులు ఈ కేసును ఇప్పటికీ చదువుతారు.

ఖరక్‌సింగ్ కేసు సంగతి కొంచెమే చెబుతాం. ఉత్తరప్రదేశ్‌లో ఒక దోపిడీ కేసులో ఆయన్ని పట్టుకుని, ఆధారాలు లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి లేపేవారు, ఆయన ఎక్కడికి వెళ్తున్నదీ గమనిస్తుండేవారు. దీనికి ఆధారం చట్టం కాదు, పోలీసు శాఖ తనకోసం రాసుకున్న నియమాలు. 1962లో ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు, రాత్రిపూట ఇంటికి రావడం ఒక్కటే తప్పని, మిగతా నిఘా ఉండవచ్చని అన్నారు. సుబ్బారావు గారు, ఆయనతో మరొకరు ఒప్పుకోలేదు. నీడలా వెంటాడే కళ్లున్న చోట మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని, గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని ఆయన రాశారు. అప్పుడది ఓడిపోయిన అభిప్రాయం. 55 ఏళ్ల తరువాత, 2017 ఆగస్టులో, తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చినప్పుడు ఆయన దారే సరైనదయింది.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. పార్లమెంటు రాజ్యాంగ సవరణ ద్వారా కూడా ప్రాథమిక హక్కులను తగ్గించలేదని 11 మందిలో ఆరుగురి నిర్ణయం. అప్పట్లో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే. అందువల్ల పేదలకు భూమి పంచే చట్టాలకు ఈ తీర్పు అడ్డు వస్తుందని, ఆయన ఆస్తిపరుల వైపు మొగ్గారని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో నిజం లేదని మేము అనలేం. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది ధర్మాసనం గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టింది. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదనే హద్దు గీసింది. హద్దు అంటూ ఒకటి ఉండాలన్న సుబ్బారావు గారి మాట వేరే రూపంలో నిలిచింది.

ఇక పాస్‌పోర్టు. మోటారు విడిభాగాల వ్యాపారం చేసే సత్వంత్‌సింగ్ సాహ్నీ గారికి రెండు పాస్‌పోర్టులుండేవి. 1966 ఆగస్టులో ఢిల్లీ పాస్‌పోర్టు కార్యాలయం వాటిని తిరిగి ఇచ్చేయమని ఉత్తరం రాసింది. దిగుమతి లైసెన్సు షరతుల విషయంలో ఆయన మీద దర్యాప్తు జరుగుతోందని, ఆయన దేశం విడిచిపోవచ్చని ప్రభుత్వ వాదన. మనకు వింతగా అనిపించే సంగతి ఏమిటంటే, అప్పటికి పాస్‌పోర్టు ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి అని చెప్పే చట్టమే దేశంలో లేదు. ప్రభుత్వం ఇష్టపడితే ఇచ్చేది, లేకపోతే లేదు. పాస్‌పోర్టు ప్రభుత్వపు ఆస్తి, దాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదని అధికారుల నమ్మకం.

1967 ఏప్రిల్ 10న ముగ్గురి తరఫున సుబ్బారావు గారు తీర్పు చెప్పారు. విదేశాలకు వెళ్లడం 21వ అధికరణం చెప్పే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం. చట్టం లేకుండా దాన్ని లాక్కోలేరు. ఒకరికిచ్చి మరొకరికి కాదనడానికి ఏ కొలతా లేని విచక్షణ 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధం. ధర్మాసనంలో ఇద్దరు భిన్నాభిప్రాయం రాశారు. ఆ వేసవిలోనే ప్రభుత్వం మేలుకుంది. జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఏ కారణాల మీద నిరాకరించవచ్చో అందులో రాశారు, కారణాన్ని కాగితం మీద పెట్టాలన్నారు, అప్పీలుకు దారి చూపారు. మనలో అమ్మానాన్నల విదేశీ పోస్టింగుల వల్ల పాస్‌పోర్టు ఉన్నవాళ్లు చాలామందే. దాన్ని జారీచేయడానికి ఆధారమైన 1967 చట్టం వెనుక కథ ఇదే.

ఆ తీర్పు చెప్పిన మర్నాడే, ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేశారు. రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా నిలబడ్డారు. డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ రాగా, ఆయనకు 3,63,971 వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోంచి లేచి నేరుగా ఎన్నికల్లోకి వెళ్లడం చాలామందికి నచ్చలేదు. తన వ్యవహారంలో తాను తీర్పరి కాకూడదని కృష్ణా జిల్లా కేసులో చెప్పిన న్యాయమూర్తి, పార్టీలతో మాట్లాడుతూ ఎన్నాళ్లు పీఠం మీద ఉన్నారని అడిగితే జవాబు చెప్పడం కష్టమే. మాకు ఆయన మీద ఎంత గౌరవమున్నా, ఈ ఒక్క అడుగు ఆయన తీర్పులతో సరిపోలేదనే అనిపించింది.

తరువాతి ఏళ్లలో ఆయన ఉపన్యాసాలిస్తూ, రాస్తూ గడిపారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో నిర్బంధించినవారు హెబియస్ కార్పస్ రిట్ కోసం కోర్టుకు రాలేరని 4-1 మెజారిటీతో చెప్పింది. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావు గారు కన్నుమూశారు.

మరుసటి ఏడాది ఎమర్జెన్సీ ఎత్తేశారు, ప్రభుత్వం మారింది. 1977 జులైలో ఢిల్లీలో మరో పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్నారు. ఈసారి మేనకా గాంధీ గారిది. కారణం అడిగితే, ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పలేమన్నారు. 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, చట్టం ఉన్నంతమాత్రాన చాలదని, అది చూపే పద్ధతి కూడా న్యాయంగా ఉండాలని, పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఆ మనిషి మాట వినాలని నిర్ణయించింది. విదేశయానం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పడానికి వారు ఆధారంగా తీసుకున్నది 1967 ఏప్రిల్ 10 నాటి సుబ్బారావు గారి తీర్పునే.